సుద్దగీతల మధ్య ఖాళీ

మొన్న నల్లపాడులో రైలు ఆగినప్పుడు కిటికీలోంచి ఎండుమిరప ఘాటు వచ్చింది. పక్క సీటావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు శేషగిరి గారు గుర్తొచ్చి, నా మీద నాకే ఒళ్లు మండింది.

ఎనభైల చివర్లో గుంటూరులోని ఒక కోల్డ్ స్టోరేజిలో నేను కంప్యూటర్ ఆపరేటర్ని. ఎవరి మిరప బస్తాలు ఏ గదిలో పెట్టాలో ఇరవై ఏళ్లుగా చెబుతున్నది గుమస్తా శేషగిరి గారు. ఏ రైతు సరుకు దించినా దాని పక్కన కొంత జాగా వదిలి సుద్దతో గీత గీసేవారు, తర్వాతి కోతల కాయలు కూడా అక్కడే చేరాలని.

సీజను మధ్యలో నా కంప్యూటర్ నత్తనడక పట్టింది.

"ఏంటమ్మాయ్, అంతసేపు గుర్రుమంటంది?" అన్నారాయన.

"ఫైలు ముక్కలైపోయిందండీ. పెరిగినప్పుడల్లా డిస్కులో ఖాళీ ఎక్కడుంటే అక్కడ ఒక ముక్క పెడుతుంది. చదవాలంటే అన్నిచోట్లా వెతుక్కోవాలి."

"మరి మొదట్లోనే దానికి కావాల్సినంత జాగా ఒకేచోట పట్టి ఉంచొచ్చుగా?"

తెల్లబోయాను. డిప్లొమాలో నాకెవరూ ఆ మాట చెప్పలేదు. ఉన్నదంతా ఫ్లాపీల్లోకి ఎత్తి, డిస్కు తుడిచి, సీజనంతటికీ సరిపడా ఖాళీ రికార్డులతో ఫైలును ఒకేచోట పరిచాను. అడిగిన జాబితా చిటికెలో వచ్చింది. యజమాని మెచ్చుకుంటే ఆ మెప్పంతా నేనే పుచ్చుకున్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. వారం తిరక్కుండా యజమాని మా ఇద్దర్నీ పిలిచాడు.

"ఈ సుద్దగీతల ఖాళీలన్నీ దండగ. ఏ బస్తా వచ్చినా మొదట కనబడ్డ ఖాళీలో పెట్టమని కంప్యూటరే చెబితే, ఇక ఈయనతో పనేముంది?"

"అట్టా చేస్తే ఒక్కో రైతు సరుకు నాలుగు గదుల్లో చెదిరిపోద్దండీ. తీసేప్పుడు నాలుగు తలుపులూ తెరవాలి. చలి పోద్ది, కాయ రంగు పోద్ది," అన్నారు శేషగిరి గారు.

యజమాని నావైపు తిరిగాడు. "ఏమ్మా, నిజమేనా?"

నిజమే. డిస్కులో అదే జరగడం నేను కళ్లారా చూశాను. అయినా ఉద్యోగం పర్మనెంటు అవుతుందన్న ఆశతో, "కంప్యూటర్ చూసుకుంటుందండీ," అన్నాను.

"నీకు తెలుసు గదమ్మా," అన్నారు శేషగిరి గారు. అంతే. నెలాఖరుకు ఆయన్ని మాన్పించారు.

మరుసటి ఏడు హమాలీలు ఒక్కో రైతు కోసం గది గదికీ తిరిగారు. రంగు మాసిన కాయలు గుప్పెట్లో పట్టుకుని ఒక రైతు నా బల్ల ముందు నిలబడ్డాడు.

"ఎవరమ్మా మా సరుకు ఇట్టా చెదరగొట్టింది?"

"కంప్యూటర్," అన్నాను.

ఆ తర్వాత ఉద్యోగమంతా కంప్యూటర్లతోనే గడిచింది. పెరిగే ఫైలుకు ముందే జాగా పట్టి ఉంచడం నా అలవాటు. ఎవరు నేర్పారని కుర్రాళ్లు అడిగితే శేషగిరి గారి పేరు గొప్పగా చెబుతాను. ఆ పేరు చెబితే ఆయన కొలువు నిలబడే రోజున మాత్రం చెప్పలేదు.