గోరుకు తగిలిన గుంత

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, వానాకాలం. సంతోష్‌నగర్‌లో నా బైక్ రిపేర్ షాపుకు మల్లేశన్న వచ్చాడు. చాంద్రాయణగుట్టలో బర్రెలు పెట్టుకుని యాకుత్‌పురా ఇళ్లకు పాలు పోసే మనిషి. ఆయన బండి ముందు చక్రం కుదుపులు ఆపే షాకప్ నుంచి నూనె కారుతోంది. ఫోర్క్ సీల్ పోయింది. షాకప్‌లో పైకీ కిందికీ ఆడే రాడ్ చుట్టూ ఉండి, లోపలి నూనెను ఆపే రబ్బరు రింగు అది.

బండి రెండు రోజులు వదలమన్నాను. రెండు రోజులు పాలు పోయకపోతే వాడుక ఇళ్లన్నీ ప్యాకెట్లకు మళ్లుతాయని ఆయన భయం. చేతి పనిమంతుడే కదా అని సీళ్లు, నూనె ఇచ్చి, ఇంట్లో ఎలా మార్చుకోవాలో నేనే చెప్పాను. సీల్‌ను లోపలికి దించే పనిముట్టు లేకపోతే పీవీసీ పైపు ముక్కతో కొట్టవచ్చు. రాడ్ అంచు తగిలి సీల్ కోసుకుపోకుండా దానికి పాల ప్యాకెట్ కవర్ తొడగాలి. ప్యాకెట్ పాలు తమ ఇంటి గడప తొక్కవని ఆయన ముఖం చిట్లించాడు. చివరికి పక్కింట్లో అడిగి తెచ్చుకున్నాడట.

మధ్యాహ్నం ఫోన్ చేశాడు. నేనొక ఇంజన్ విప్పుకుని కూర్చున్నాను. ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను.

"రాడ్ మీద తుప్పు గుంత ఉంది తమ్మీ. ఎమరీ పేపర్‌తోని రుద్దిన, అయినా గోరుకు తాకుతుంది. చల్తా?"

"చల్తా అన్నా."

మా దగ్గర ఈ మాటకు హద్దు లేదు. పనికొస్తుందని అంటాం, ఫికర్ వద్దని అంటాం, ఇక నన్ను వదిలెయ్యమనీ అంటాం. నేనన్నది మూడోది, ఆయన విన్నది మొదటిది. గోరుకు తాకే గుంత కొత్త సీల్ పెదవిని, అంటే రాడ్‌ను ఒరుసుకునే దాని లోపలి అంచును, కోసేస్తుంది, రాడ్ మార్చాల్సిందే. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

వారం తిరక్కముందే ఫ్లైఓవర్ కింద ఆయన ముందు ఒక బస్సు ఆగింది. కారిన నూనె బ్రేకు డిస్క్ మీద పడి ఉండటంతో బ్రేక్ పట్టలేదు. పడిపోయాడు, కుడి మణికట్టు విరిగింది. ప్లేటు వేశారు, ఎముక అతికింది, పిడికిలి మాత్రం మళ్లీ బిగియలేదు. చేత్తో పాలు పిండి బతికే మనిషి బర్రెలు అమ్మేసుకున్నాడు.

బండి నా దగ్గరికే వచ్చింది. విప్పి చూస్తే సీల్ అన్ని వైపులా సమంగా కూర్చుని ఉంది. నేనైనా అంతకన్నా బాగా కొట్టలేను. పెదవి మాత్రం గుంత ఉన్న వైపే చీరుకుపోయింది.

తప్పు నాదని చెబుదామనే ఇంటికి వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే ఆయన అన్నాడు: "పైపుతోని వంకర కొట్టిన్నేమో తమ్మీ. నీ పని నేను చెయ్యబోతే గిట్లయింది."

ఇచ్చిన చాయ్ తాగి వచ్చేశాను. దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పటినుంచి రాడ్ పొడవునా గోరు నడపనిదే సీల్ ముట్టుకోను. ఫోన్‌లో ఎవరేమడిగినా బండి తెమ్మంటాను.

మల్లేశన్న ఇప్పుడొక ఫంక్షన్ హాల్ గేటు దగ్గర కూర్చుంటాడు. షాకప్ కారే బండి కనబడితే చాలు, బిగియని ఆ చెయ్యి చూపించి నా షాపుకు పంపుతాడు. "నా లెక్క ఇంట్ల కొట్టుకోకుర్రి, మా తమ్మి దగ్గరికి పోండ్రి" అంటాడట. నిన్న కూడా ఒకాయన ఆ మాటే చెబుతూ వచ్చాడు. మల్లేశన్న ఆ రోజు సీల్ సరిగ్గానే కొట్టాడని ఆ వచ్చినాయనకు చెప్పాను. మల్లేశన్నకు ఇంకా చెప్పలేదు.