రెండు తూముల బొమ్మ

మా అమలాపురం కళాశాలలో ఫిజిక్స్ చెప్పిన ఆ మేడమ్‌గారు సమీకరణం జోలికి వెళ్లే ముందు "ముందు బొమ్మండీ" అనేవారు. ఎలక్ట్రాన్ అలలా నడుస్తుందని చెప్పడానికి కాలువ గట్టుకు రెండు తూములు గీసేవారు. వాటిలోంచి వచ్చిన అలలు కొన్ని చోట్ల కలిసి పెరిగేవి, కొన్ని చోట్ల ఒకదాన్నొకటి చెరిపేసుకునేవి; అలా చెరిగిన చోట ఎలక్ట్రాన్ పడదనేవారు.

తనిఖీకి వచ్చిన కామర్స్ పెద్దమనిషి, "ఇది డ్రాయింగు క్లాసా అండీ?" అని పిల్లల ముందే వెటకారమాడారు. ఆమె తాత్కాలిక ఉద్యోగం కొనసాగాలంటే ఆయన సంతకం కావాలి. ఫిజిక్స్ శాఖాధిపతిగా నేను ఆ వెటకారం మీద అభ్యంతరం అక్కడికక్కడే రాసిచ్చాను. దాని నకలు నేటికీ భద్రంగా ఉంది.

ఆమె మాత్రం, "పిల్లల్నే అడగండి సార్" అన్నారు.

ఓడలరేవు నుంచి వచ్చే అమ్మాయి లేచింది. "ఒక తూము మూసేస్తే, ఇప్పుడు ఎలక్ట్రాన్లు పడని చోట కూడా పడతాయండీ."

"దారి మూస్తే కొత్త చోటికి వస్తాయా? ఎవరికి చెబుతావమ్మా!" అంటూ ఆయనే సుద్ద అందుకుని ఒక తూము కొట్టేశారు. అల గీస్తూ గీస్తూ ఆగిపోయారు.

"చెరపడానికి రెండో అల లేదు కదా!" అన్నారు ఆయనే.

"ఆయ్, సమీకరణం చెప్పేదీ అదేనండీ" అన్నారామె.

తరగతి ఘొల్లుమంది. కొనసాగింపు కాగితం మీద ఆయన సంతకం పక్కన సుద్ద వేలిముద్ర పడింది.