ఉడత గేమూ, రెండో రిమోటూ

మొన్న శనివారం సాయంత్రం నుంచి బందరులో నేను తలొంచుకునే నడుస్తున్నాను. కాలేజీ గేటు దగ్గర పిల్లలు నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నారు. ఏం జరిగిందో చెప్తాను గానీ, ముందు ఆ టీ పక్కన పెట్టండి. నవ్వితే పొలమారుతుంది!

నా చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ గుడివాడలో, మా పెద్దమ్మ ఇంట్లో. పెద్దమ్మ కూతురు సుజాతక్క నాకంటే కొంచెం పెద్దది. వాళ్ళింట్లో టీవీకి తగిలించుకునే వీడియో గేమ్ ఉండేది. ఎన్ని క్యాసెట్లున్నా మాకు ఒక్కటే లోకం, ఉడత గేమ్. ఏదో బొమ్మల సినిమా ఆడితే దాన్నిబట్టి తీసిన గేమ్ అది. ఉడత పలకల మీదికి గెంతుతూ, గోతులు దాటుతూ ఇల్లు చేరాలి. దాని వెనకే ఒక మిణుగురు ఎగురుతూ ఉంటుంది. ఉడత సుజాతక్కది, మిణుగురు నాది. ఆవిడకో రిమోట్, నాకో రిమోట్.

పెద్దమ్మ టీవీ మీద పెడన కలంకారీ గుడ్డ కప్పేది. అది వెనకవైపు నేల దాకా వేలాడేది. వైర్లన్నీ దాని కిందే. "గుడ్డ ఎత్తావంటే షాక్ కొడుతుంది" అని అక్క చెప్పింది. నేను బుద్ధిగా ఏనాడూ ఎత్తలేదు.

ఆ సినిమా మేం చూసిందీ లేదు పెట్టిందీ లేదు. అందుకని కథ మేమే అల్లుకున్నాం. ఉడత దివిసీమలో వాళ్ళ అమ్మమ్మ ఇంటికి వెళ్తోంది. మూడో లెవెల్లో నది మీద ఊగే వంతెన వస్తుంది, అది మాకు దివిసీమకి కృష్ణ దాటించే పులిగడ్డ ఆక్విడెక్టు. అక్కడ ఇద్దరం ఊపిరి బిగబట్టేవాళ్ళం. "అక్కా, ఇప్పుడు ఎగురు!" అని అరుస్తూ నేను బటన్ నొక్కి మిణుగురుని పంపేదాన్ని. ఉడత దాటేసేది! పెద్దమ్మ వంటింట్లోంచి "ఏం కొంప మునిగిందే?" అని కేకేసేది. కరెంటు పోతే మళ్ళీ మొదట్నుంచీ. మామిడికాయ ముక్కల ఉప్పూ కారం అంటిన వేళ్ళతోనే మళ్ళీ కూర్చునేవాళ్ళం. ఇప్పటికీ ఆ వాసన తగిలితే నా బొటనవేలు దానంతటదే కదులుతుంది. ఎంత బావుండేవో ఆ రోజులు... సరే, అసలు సంగతికొస్తాను.

నా ఫ్రెండ్ ప్రసూన పాత గేముల మీద యూట్యూబ్ ఛానెల్ నడుపుతోంది. పోయిన వారం ఫోన్ చేసింది.

"రమా, నీ ఉడత గేమ్ మళ్ళీ కొత్తగా రిలీజ్ చేశారే! అప్పట్లో దాని మీద వచ్చిన రివ్యూలు కూడా దొరికాయి. లైవ్ పెడుతున్నాను, వచ్చి మాట్లాడతావా?"

"రివ్యూల్లో ఏమన్నారు?"

"ఏకిపారేశారు."

నా కోపం సంగతి మీకు తెలుసుగా, ముక్కు మీదే ఉంటుంది. పంపించమన్నాను. చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది. బొమ్మలు మాత్రం సినిమాలో ఉన్నట్టే ముద్దుగా ఉన్నాయట. సినిమా చూడనివాళ్ళకి కథ ముక్క అర్థం కాదట. మాకెంత బ్రహ్మాండంగా అర్థమైంది! మొదలెట్టిన కాసేపటికే గేమ్ అయిపోతుందట. బటన్ నొక్కాక ఉడత తీరిగ్గా ఆలోచించుకుని గెంతుతుందట. ఇవన్నీ ఓర్చుకున్నాను. కానీ ఒకాయన మిణుగురు మీద పడ్డాడు. దానివల్ల ఏ ఉపయోగమూ లేదట, ఉడత వెనక ఊరికే తిరుగుతుందట.

ఊరికే తిరుగుతుందా! అంటే నా సెలవులన్నీ ఊరికే పోయినట్టా?

లైవ్ లింక్ ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. బుద్ధి గడ్డి తిని స్టూడెంట్స్ గ్రూపులో కూడా పెట్టాను. నేను కాలేజీలో చెప్పేది ఫిజిక్స్. ఆ ముక్క కాస్త గుర్తుంచుకోండి.

శనివారం సాయంత్రం మంచి చీర కట్టుకుని ప్రసూన ఇంట్లో కెమెరా ముందు కూర్చున్నాను. ఇహ చూస్కోండి నా వాగ్ధాటి! "బటన్ లేటంటారేంటండీ? అన్ని వేసవులు ఆడాను, నా రిమోట్ ఒక్కనాడూ లేటవలేదు. అసలు నేను నొక్కీ నొక్కకముందే మిణుగురు కదిలేది! అలాంటి కంట్రోల్స్ ఇప్పటి గేముల్లో ఉన్నాయా?"

ప్రసూన నెమ్మదిగా అంది, "ఇది ఒక్కరు ఆడే గేమ్ కదే? డబ్బా మీద అలాగే రాసుంది."

"డబ్బాని నమ్ముతావా, నన్ను నమ్ముతావా? లోపం ఎక్కడుందో నేను చెప్తా విను. ఈ విమర్శకులంతా రెండో రిమోట్ పెట్టుకోకుండానే ఆడేశారు! ఆడి, మిణుగురు పనికిరాదని రాసేశారు!"

ఈలోగా టేబుల్ మీద నా ఫోన్ ఒకటే వణుకుతోంది. సుజాతక్క. కట్ చేశాను. మళ్ళీ చేసింది. మళ్ళీ కట్ చేశాను. "మా అక్కేనండీ, నా మాటలు విని పొంగిపోయి చేస్తోంది" అని లైవ్‌లో గొప్పగా చెప్పుకున్నాను కూడా!

అక్క ఇప్పుడు నాగాయలంకలో ఉంటుంది. బావగారికి అక్కడ రొయ్యల చెరువులున్నాయి. నన్ను ఏడిపించకపోతే ఆయనకి తిన్నది అరగదు. ప్రసూనకేమో వచ్చిన కామెంట్లన్నీ పైకి చదివే అలవాటు.

"ఇదుగో, మీ బావగారి కామెంట్ వచ్చింది. 'మరదలా, ఇంక ఆపు తల్లీ. ఆ రెండో రిమోట్ వైరు అసలు దేనికీ పెట్టలేదంట. టీవీ వెనక గుడ్డ కింద ఊరికే పడుండేదంట. మీ అక్క ఇప్పుడే చెప్పి, తలుపేసుకుని లోపల కూర్చుంది.'"

ప్రసూన పెదవులు కొరుక్కుంటూ సీలింగ్ వైపు చూస్తోంది. అప్పుడు మొదలయ్యాయి మా స్టూడెంట్స్ కామెంట్లు. "మేడమ్, ఓపెన్ సర్క్యూట్!" "సర్క్యూట్ పూర్తి కాకపోతే కరెంటు పారదని మీరే చెప్పారు కదా మేడమ్?" ఆ లైవ్ ఎలా ముగిసిందో నాకు తెలీదు. నేను అప్పటికే వీధి గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటున్నాను. ప్రసూన మాత్రం వెనకే వచ్చి, తన దగ్గరున్న ఉడత గేమ్ పెట్టెనీ, రెండు రిమోట్లనీ నా సంచిలో పడేసింది. "మీ అక్కతో తేల్చుకో" అంది.

మర్నాడు పొద్దున్నే నాగాయలంక బస్సెక్కాను. పులిగడ్డ దగ్గర బస్సు కృష్ణ దాటుతుంటే ఎప్పుడూ నా బొటనవేలు కదిలేది. ఈసారి దాన్ని పిడికిట్లో బిగించేశాను. నిజం చెప్పనా? నా బాధ లైవ్‌లో పోయిన పరువు గురించి కాదు. ఆ వంతెన ఇద్దరం కలిసి దాటామనుకున్నాను ఇన్నేళ్ళూ. అక్క ఒక్కతే దాటిందన్నమాట. నేను పక్కన కూర్చుని చూసినదాన్ని, అంతే.

గుమ్మంలోనే మొదలెట్టాను. "ఎందుకలా చేశావే?"

"చెల్లికి కూడా ఇవ్వకపోతే గేమ్ అటకెక్కిస్తానంది అమ్మ. ఆ గేమ్‌లో చూస్తే ఇద్దరాడే వీలే లేదాయె. ఏం చెయ్యమంటావు?"

"పెద్దయ్యాకైనా చెప్పొచ్చుగా!"

"ఎప్పుడు చెప్పనే? నా పెళ్ళిలో మా అత్తగారి దగ్గర కూర్చుని, 'మీ కోడల్ని ఆటల్లో నేనే గెలిపించేదాన్నండీ' అని చెప్పినదానివి! నోరెలా వస్తుంది నాకు?"

బావగారు పేపరు అడ్డం పెట్టుకున్నారు గానీ, ఆ పేపరు ఊగుతోంది. నేను మూతి ముడుచుకుని కూర్చున్నాను. అక్క మంచినీళ్ళు తెచ్చిచ్చి పక్కన కూర్చుంది.

"సెలవులైపోయి నువ్వు బందరు వెళ్ళిపోయాక ఒక్కదాన్నే ఆడేదాన్నే. ఆ వంతెన ఒక్కసారి దాటితే ఒట్టు. నువ్వు పక్కనుండి 'ఇప్పుడు ఎగురు' అని అరిస్తేనే నా వేలు కదిలేది. చివరికి విసుగొచ్చి, మళ్ళీ వేసవిలో నువ్వొచ్చేదాకా దాని జోలికే వెళ్ళేదాన్ని కాదు."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అదే మాట లైవ్‌లో కామెంట్ పెట్టి ఉంటే నా పరువు దక్కేది కదా!

భోజనాలయ్యాక గేమ్ టీవీకి తగిలించాం. అక్క వైరు తగిలించిన రిమోట్ నా చేతిలో పెట్టింది. "ఈసారి ఉడత నీది. ఆడవే" అంది. జన్మలో మొదటిసారి అసలైన ఉడత నాది! మొదటి గొయ్యి వచ్చింది. నొక్కాను. ఉడత తీరిగ్గా ఆలోచించుకుని, గోతిలో పడింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ పడింది. ఆ విమర్శకులకి లైవ్ పెట్టి క్షమాపణ చెప్పాలి నేను. వాళ్ళు రాసింది అక్షరాలా నిజం, బటన్ లేటే!

ఇహ లాభం లేదని ఆ రిమోట్ అక్కకిచ్చేసి, రెండోది నేను తీసుకున్నాను. దాని వైరు నా ఒళ్ళోంచి జారి నేల మీద పడుంది. వంతెన వచ్చింది. "అక్కా, ఇప్పుడు ఎగురు!" అని అరిచి నా బటన్ నొక్కాను. ఉడత దాటేసింది. దాని వెంటే నా మిణుగురూ దాటేసింది.

బావగారు వంగి ఆ వైరు కొస పట్టుకుని, "పోనీ, దేనికైనా పెట్టమంటావా మరదలా?" అన్నారు.

"ముట్టుకోకండి బావగారూ. ఈ రిమోట్‌కి లేటన్నదే లేదు!"