శనివారం దాకా విప్పని కవరు

నాకు నోటి దురుసు ఎక్కువని మా సైట్లో అందరికీ తెలుసు. పదహారేళ్ళుగా సింగపూర్లో ఈ కట్టడాల కంపెనీ సైటాఫీసులో కాగితాల పని చూస్తున్నాను. మనవాళ్ళలో ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా "ప్రసన్నక్కా, కొంచెం ఇది చూడవా" అంటూ నా బల్ల దగ్గరికే వస్తారు. నాలుగు తిట్టి మరీ చదివి పెడతాను. కానీ కాగితంలో ఉన్నది ఉన్నట్టే చెబుతాను. చేదైనా సరే, దాచను. ఏడుకొండలు ఆ కవరు తెచ్చిన శనివారం దాకా అదే నా గొప్ప.

ఏడుకొండలుది కనిగిరి దగ్గర పల్లె. చీమకుర్తిలో గ్రానైటు రాళ్ళ టిప్పర్ తోలేవాడు. సింగపూరొచ్చి పదకొండేళ్ళు. పొద్దున కూలీలుండే డార్మిటరీ నుంచి మనుషుల్ని లారీ వెనక ఎక్కించుకుని సైటుకి తేవడం, సాయంత్రం మళ్ళీ దింపడం, మధ్యలో ఇనుమూ సిమెంటూ మోయడం అతని పని. వెనక తలుపు గొలుసు తన చేత్తో లాగి చూసుకోనిదే ఇంజను వేయడు. పచ్చ లైటు పడ్డాక కూడా అటూ ఇటూ చూసి గానీ కదలడు. "పెళ్ళికూతుర్ని తీసుకెళ్తున్నావా ఏందన్నా" అని వెనకవాళ్ళు ఎకసెక్కాలాడితే, "పెళ్ళికూతురైతే ఒక్కతే. మీరు పద్నాలుగు మంది ఉండారు" అనేవాడు.

అతనికో పట్టింపు ఉంది. సర్కారు ముద్ర ఉన్న కవరేదైనా వస్తే వెంటనే విప్పడు. లారీలో స్టీరింగు పక్కన అతికించుకున్న వెంకటేశ్వరస్వామి పటం కింద పెడతాడు. శనివారం ఒక్కపొద్దుండి, స్నానం చేసి, అప్పుడు నా దగ్గరికి తెస్తాడు. పర్మిట్ పొడిగింపు కాగితాలు మూడుసార్లూ అలాగే విప్పించాడు, మూడుసార్లూ మంచే జరిగింది. ఇక ఆ నమ్మకాన్ని కదిలించడం ఎవడి తరం!

ఫిబ్రవరిలో మా సైట్లో పనిచేసే కొండయ్య చెయ్యి కటింగ్ మెషిన్లో పడింది. మణికట్టు దగ్గర నరం తెగి నెత్తురు చిమ్మింది. ఏడుకొండలు తన తువ్వాలు బిగించి కట్టి, ముందు సీట్లో కూర్చోబెట్టుకుని లారీ తీశాడు. జురాంగ్ ఈస్ట్ దగ్గర ఎర్రలైటు పడితే ఆగలేదు. స్తంభం మీద కెమెరా తళుక్కుమంది. కొండయ్య చెయ్యి దక్కింది. పది రోజులకి ఏడుకొండలుకి నోటీసొచ్చింది. జరిమానా, దాంతోపాటు లైసెన్సు మీద పన్నెండు తప్పు పాయింట్లు. పాయింట్లు ఇరవై నాలుగైతే లైసెన్సు ఆపేస్తారు, అంటే ఇంకొక్క ఎర్రలైటు దాటితే సరి. "లైసెన్సు లేని డ్రైవరు నాకెందుకు? టికెట్ కొని పంపేస్తా" అని బాసు ముందే చెప్పేశాడు.

క్షమించమని అర్జీ నేనే రాశాను, ఆసుపత్రి కాగితం జత చేశాను. రాస్తుంటే ఏడుకొండలు పక్కన నిలబడి గొణిగాడు.

"ఆ ముసలమ్మ సంగతి కూడా రాయక్కా."

"ఏ ముసలమ్మ?"

"నేను సిగ్నల్ దాటేటప్పుడు చక్రాల బజారు సంచి లాక్కుంటా ఒకామె రోడ్డులో దిగబోయింది. ఇంకొక్క అడుగు వేసుంటే నా చక్రం కింద ఉండేది. రోజూ కళ్ళ ముందర కనపడతాంది."

"నీకేమన్నా మతి పోయిందా? నిన్ను నువ్వే పట్టిస్తావా?" అని కసిరాను. ఆ ముక్క రాయలేదు.

ఆ రాత్రి చోవా చూ కాంగ్‌లో మా ఫ్లాట్లో అన్నం దగ్గర పెద్ద గొడవ. మా ఆయన పరంధామయ్య నెమ్మదస్తుడే గానీ రూలు మాటొస్తే కదలడు. "చట్టం ఒకరికి వంగితే రేపు ప్రతివాడూ ఆసుపత్రి చీటీ పట్టుకొస్తాడే. ఆ ముసలమ్మ పోయుంటే ఎవరు జవాబు చెబుతారు?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "సరే, రేపు మీకు గుండెపోటొస్తే ప్రతి ఎర్రలైటు దగ్గరా ఆగి మీ నుదుట విభూతి పెడతాను" అన్నాను. మా అమ్మాయి "అమ్మా, ఎనఫ్ లా" అని ఇక్కడి యాసలో విసుక్కుని కంచం తీసుకుని లోపలికి పోయింది. నా నోటి నుంచి ఆ మాట ఎందుకొచ్చిందోనని ఇప్పుడు భయమేస్తుంది.

జవాబు ఏప్రిల్లో ఒక మంగళవారం డార్మిటరీకి వచ్చింది. బుధవారం టీ వేళ ఏడుకొండలు చెప్పాడు.

"కవరొచ్చిందక్కా. స్వామి దగ్గర పెట్టినా."

"ఇటు తే, ఇప్పుడే చూస్తాను. నీ స్వామికేమన్నా ఇంగ్లీషొచ్చా?"

"మంగళవారం వచ్చిందక్కా, మంచి మాట ఉండదు. శనివారం చూద్దాంలే" అని నవ్వాడు. లారీ ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఆరోజు సేఫ్టీ తనిఖీ. నా తల నా దగ్గర లేదు. "సరే పో, నీ ఖర్మ" అన్నాను. నిజం చెప్పాలంటే అందులో మంచి మాట ఉంటుందని నాకూ అనిపించలేదు. సర్కారు కవరంటే దండనేనని మా ఇద్దరికీ అంత గట్టి నమ్మకం.

గురువారం సాయంత్రం కుండపోత. ఏడుకొండలు రైలు స్టేషన్ దాకా దింపుతానంటే లారీ ముందు సీట్లో ఎక్కాను. నా మోకాళ్ళకి ఎదురుగానే స్వామి పటం, దాని కింద ఆ తెల్ల కవరు. సగం దారిలో వెనక నుంచి దబదబా బాదారు. వెంటనే ఏడుకొండలు ఫోన్ మోగింది. వెనక కూర్చున్న కుర్రాడు సాయిబాబు.

"అన్నా, బండాపు! మారయ్య మామ పడిపోయినాడు!"

మారయ్య ఏడుకొండలు ఊరివాడే. ఇనుము కట్టే పని. రెండేళ్ళ కిందట ఇక్కడికి తీసుకొచ్చింది ఏడుకొండలే. పక్కన ఆపి వెళ్ళి చూశాం. గుండె పట్టుకుని, వానలో తడిసినవాడిలా చెమటలు కక్కుతున్నాడు. పెదాలు నల్లబడ్డాయి. నేను ఆంబులెన్సు కోసం 995కి ఫోన్ చేశాను. ఎక్కడున్నారో అక్కడే ఉండండి, బండి వస్తోంది అన్నారు. ఏడుకొండలు వెనక జామయిన రోడ్డు వంక చూశాడు. "ఈ వానలో ఎప్పుడొస్తదక్కా? ఆసుపత్రి మూడు సిగ్నళ్ళే" అన్నాడు. "బండి పోనీ" అన్నాను. ఆంబులెన్సుకైతే ఎర్రలైటు దాటే హక్కుంది, మాకు లేదు. ఆ సంగతి ఆ క్షణంలో ఇద్దరికీ తట్టలేదు.

మొదటి సిగ్నల్ ఎర్రగా ఉంది. అడ్డంగా దాటే నరమానవుడు లేడు. స్తంభం మీద కెమెరా ఉంది. ఏడుకొండలు బ్రేకు మీద కాలు పెట్టి నా వైపు తిరిగాడు.

"ఏం చేద్దామక్కా?"

అన్నం దగ్గర మొగుణ్ణి కడిగేసిన దాన్ని. చట్టం వంగాలని వాదించిన దాన్ని. ఆ కవరు చూసి, బాసు మాట తలుచుకుని, "ఆగు. ఇంకొకటి పడితే ఇంటికే" అన్నాను.

ఆగాడు. వెనక నుంచి బాదుతూనే ఉన్నారు. రెండోది పచ్చగా దొరికింది. మూడోది మళ్ళీ ఎరుపు. గొడుగు వేసుకుని ఒక ముసలాయన మెల్లగా దాటుతున్నాడు. ఆయన అవతలి గట్టు ఎక్కేశాక కూడా లైటు మారలేదు. ఏడుకొండలు స్టీరింగు పట్టుకుని నోట్లోనే గోవిందా గోవిందా అంటున్నాడు. అప్పుడు వెనక బాదుడు ఆగిపోయింది. ఇద్దరం విన్నాం. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

ఆసుపత్రిలో ముప్పావుగంట ప్రయత్నించారు. మారయ్య దక్కలేదు. ముందొచ్చి ఉంటే బతికేవాడని డాక్టరు అనలేదు, ఎవరూ అనలేదు. కానీ ఏడుకొండలు వరండాలో గోడకానుకుని వేళ్ళు మడుస్తూ కూర్చున్నాడు. "ఒక్కో లైటు దగ్గర రెండు నిమిషాలు. నాలుగు నిమిషాలక్కా" అన్నాడు.

శనివారం మధ్యాహ్నం మారయ్య శవాన్ని ఊరికి పంపే కాగితాలు నా బల్ల మీద ఉండగా వచ్చాడు. స్నానం చేసి, నామం పెట్టుకుని, చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చాడు. కవరు రెండు చేతులా పట్టుకున్నాడు.

"విప్పక్కా."

విప్పాను. ఆసుపత్రి కాగితం పరిశీలించాం, ఈసారికి హెచ్చరికతో వదులుతున్నాం అని ఉంది. జరిమానా, పాయింట్లు రెండూ 'వెయివ్డ్' అని ఉంది. అంటే మాఫీ. ఆ మాట దగ్గరే నా చూపు ఆగిపోయింది. గురువారం సాయంత్రం అతని లైసెన్సు మీద ఒక్క పాయింటు కూడా లేదు. ఎర్రలైటు దగ్గర ఆగిన ఆ రెండు నిమిషాల్లో చెయ్యి చాపి కవరు చించి ఉంటే చాలు, కనీసం ఒక్క లైటైనా దాటేవాళ్ళం. చదవగలిగిన మనిషిని నేనే అక్కడున్నాను.

"ఏం రాసినారక్కా?" అని బల్ల మీదికి వంగాడు. "పాయింట్లు తీసేసుంటే మాత్రం నేను బతకలేనక్కా. ఉత్త పుణ్యానికి మారయ్యను చంపుకున్నట్టే."

"జరిమానా తీసేశారు తమ్ముడూ" అన్నాను. "పాయింట్లు అలాగే ఉంచారు. ఆగడమే మంచిదైంది. లేకపోతే లైసెన్సు పోయుండేది."

అతను కళ్ళు మూసుకుని దండం పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది. అతని కోసం చెప్పానా, "ఆగు" అన్న నా నోటి కోసం చెప్పానా అంటే ఈరోజుకీ తేల్చుకోలేను. ఆ పన్నెండు పాయింట్లూ ఇప్పుడు నేను వేసినవి. వెనక ఇంకెవరు పడిపోయినా అతను ప్రతి ఎర్రలైటు దగ్గరా ఆగుతాడు.

"కాగితం ఇటివ్వు, ఫైల్లో పెడతాను" అన్నాను.

"వద్దక్కా. స్వామి కాళ్ళ దగ్గర పెట్టింది, ఆడనే ఉండాల" అని మడిచి తీసుకుపోయాడు.

అప్పటినుంచి మూడు వారాలు. మారయ్య పోయాక సాయిబాబు వెనక కూర్చోలేనన్నాడు. రోజూ ముందు సీట్లోనే వస్తున్నాడు. ఆదివారాలు ఇంగ్లీషు క్లాసుకి కూడా వెళ్తున్నాడు. నేనే చేర్పించాను. నిన్న సాయంత్రం బయల్దేరే ముందు నా కిటికీ దగ్గరికొచ్చాడు. అరచేతిలో పెన్నుతో ఏదో రాసుకున్నాడు.

"అక్కా, వార్నింగ్ అంటే తెలుసు. ఈ 'వెయివ్డ్' అంటే ఏంది?"

"ఎక్కడ చూశావు?"

"మా లారీలోనే, స్వామి పటం కింద కాగితంలో. ఏడుకొండలన్నని అడిగినా. అక్క చదివింది, అక్కనే అడుగు అన్నాడు."

అతని వెనక, ఎండలో, ఏడుకొండలు లారీ తలుపు గొలుసు లాగి చూసుకుంటున్నాడు. సాయిబాబు చెయ్యి చాపుకుని నా జవాబు కోసం నిలబడి ఉన్నాడు.