మూడో మీట ఒత్తిన రాజవ్వ

సర్వసృష్టికర్తయైన దేవునికి స్తోత్రం. టీచరుగా బడిలోనూ ఎన్నికల డ్యూటీల్లోనూ నన్ను నడిపించింది ఆయన కృపే.

2018 అసెంబ్లీ ఎన్నికలు. చొప్పదండి దగ్గర ఒక పల్లె బడిలో నేను ప్రిసైడింగ్ ఆఫీసర్‌ని, అంటే ఆ పోలింగ్ కేంద్రానికి బాధ్యురాలిని. నల్లబల్ల మీద పిల్లలు రాసిన ఎక్కాలు, మాకోసం ఊరివాళ్లు తెచ్చిన సర్వపిండి రొట్టెలు ఇప్పటికీ కళ్లముందున్నాయి. వీవీప్యాట్ అప్పుడు మాకు కొత్త. మీట నొక్కగానే ఓటు ఎవరికి పడిందో చూపే చీటీ, అద్దం వెనక కొద్ది క్షణాలు కనిపించి డబ్బాలో పడుతుంది.

రాజవ్వ అనే పెద్దామె ఓటేసి, అడ్డు వెనక నుంచే కేకేసింది.

"బిడ్డా, నేను ఒత్తిందొకటి, గీ అద్దంల అచ్చిందొకటి!"

ఒక పార్టీ ఏజెంటు లేచి నిలబడ్డాడు. "మిషిన్ల మోసముందని పొద్దుగాల సంది చెప్తలేనా, మేడం!"

బయట వరుసలో గొడవ మొదలైంది.

ఇలాంటి ఫిర్యాదుకు టెస్ట్ ఓటు ఉంది. ఓటరు రాసిచ్చాక, ఏజెంట్ల ముందు మళ్లీ నొక్కిస్తాం. ఫిర్యాదు నిజమైతే పోలింగ్ ఆగుతుంది. అబద్ధమని తేలితే ఓటరు మీద కేసు. అదే చెప్పాను.

"జైల్ల ఏసినా సరే, నా ఓటు ఇడువ."

మనసులో ప్రార్థించుకుని అడిగాను. "అవ్వా, ఎవరికి ఏసినవో చెప్పకు. ఎట్ల ఏసినవో చెప్పు."

"ఎట్లేంది? పోయినసారి మూడోది ఒత్తిన. గిప్పుడు గూడ గదే ఒత్తిన."

నాకు అర్థమైంది. ప్రతి ఎన్నికకూ అభ్యర్థుల వరుస మారుతుంది. బయట గోడకు అంటించిన అభ్యర్థుల పట్టిక దగ్గరికి తీసుకెళ్లి, "వేలు పెట్టకు, నీ గుర్తు ఎక్కడుందో కండ్లతోనే చూసుకో" అన్నాను. చాలాసేపు చూసింది. ముఖం వాడిపోయింది.

"బిడ్డా, ఇంకొక్కపారి ఒత్తనియ్యి."

"వీలుగాదవ్వా." ఆ మాట అనడం ఎంత కష్టమైందో!

ఏజెంటు వెనకే వచ్చాడు. "మోసమే గదవ్వా? ఫికర్ జెయ్యకు, గట్టిగ చెప్పు, మేమున్నం."

వరుసంతా ఆమెనే చూస్తోంది. ఆమె తలూపితే చాలు, పోలింగ్ అక్కడితో చెదిరిపోయేది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఊకో కొడుకా. మిషిన్ ఏం జెయ్యలే. నేనే సూడక ఒత్తిన. నా ఓటైతే పాయె, మందియి ఎందుకు పాడుజేత్త?"

వరుస మళ్లీ కదిలింది.

ఆ తర్వాత డ్యూటీల్లో యంత్రం గురించి ఎవరు ఏం అడిగినా నేను విసుక్కోలేదు. అడగడం ఓటరు హక్కు, ఓపిగ్గా చూపడం మా పని. మా చర్చిలో సత్యం మీద ప్రసంగం విన్నప్పుడల్లా రాజవ్వే గుర్తొస్తుంది. పోయింది తన ఓటే అయినా నిజం చెప్పిన ఆ గుండె మనకూ ఇమ్మని, ఇది చదువుతున్న మీరూ ఒక్క నిమిషం నాతోపాటు ప్రభువును అడగండి.