తలుపు దగ్గరి చెరుకుగడ

మా చరిత్ర సారు పోయారు. ఆ సంగతి బోధన్‌లో అందరికన్నా ముందు తెలిసింది నాకే. ఇది రాస్తుంటే భయంగా ఉంది. ఎందుకో చెబుతాను.

మన బోధన్ అశ్మక రాజ్యానికి రాజధానిగా ఉన్న కాలాన్ని సారు పాఠంగా చెప్పేవారు కాదు, ఆడించేవారు. తానే ముసలి రాజై కుర్చీలో వాలిపోయేవారు. మాలో ఇద్దరు సింహాసనం కోసం కాచుకున్న కొడుకులు, ఒకడు రాజుకు బాగా ఇష్టుడైన కాపలావాడు. ఈటెకు బదులు వాడి చేతికి చెరుకుగడ ఇచ్చేవారు. ఎవరిని లోపలికి పంపాలో వాడి ఇష్టం.

"గీ రాజుల పేర్లు మనకు అన్ని దొరకలె బిడ్డా. గని తలుపుకాడ మనిషి లేని రాజ్యం లేదు. వాన్ని సూసి భయపడుర్రి" అనేవారు.

మా తరగతిలో ఆ గడ నాకే దక్కింది. పెద్ద రాకుమారుడి వేషం సారు సొంత పెద్దకొడుకుది, వాడు నా జతగాడు. "రాజుగారు పండుకున్నరు" అని వాణ్ణి గుమ్మంలోనే ఆపేశాను. అంతలో రాజు చనిపోయాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సారు మాత్రం నవ్వలేదు. గడ విరిపించి, మొదటి ముక్క నా చేతే వాడికి ఇప్పించారు.

నాకింత చదువు అబ్బిందంటే ఆయన చలవే. చర్చికి వెళ్తే నా భుజమే పట్టుకునేవారు. మంచాన పడ్డాక నేనిస్తేనే మందు మింగేవారు. గర్వపడ్డాను, దాచడమెందుకు? తండ్రితో మాటామాటా పెరిగి ఆ పెద్దకొడుకు ఇల్లు విడిచి కమ్మర్‌పల్లిలో పసుపు పండించుకుంటున్నాడు. ఇల్లు చిన్నకొడుకు పేర రాసే కాగితాలు సంతకానికి సిద్ధంగా ఉన్నాయి.

"అన్న లోపటికి వోతే బాపు మనసు మారుతది. జర సూసుకో అన్నా" అన్నాడు చిన్నవాడు.

పోయిన మంగళవారం పొద్దున పెద్దవాడు వచ్చాడు. "ఒక్కపారి బాపు మొఖం సూసి పోత రా" అన్నాడు. లోపల సారు దగ్గుతూనే ఉన్నారు.

"సారు పండుకున్నరు. రేపు రా" అన్నాను.

లోపలికి వెళ్ళగానే సారు అడిగారు: "ఎవలచ్చిండ్రు రా?"

"ఎవల్లేరు సార్."

నన్ను చాలాసేపు చూసి గోడవైపు తిరిగారు. మళ్ళీ మాట్లాడలేదు. మధ్యాహ్నానికి ఊపిరి ఆగింది. కాగితాల మీద సంతకం లేదు.

సమాధుల తోటలో మట్టి వేశాక పెద్దవాడు నా పక్కకు వచ్చాడు. "గప్పుడు గూడ తలుపుకాడ నువ్వే ఉంటివి" అన్నాడు, అంతే.

ఈ రోజు ఇల్లు ఎవరిదో తేల్చడానికి పెద్దమనుషులు కూర్చున్నారు. అన్నదమ్ములిద్దరూ సారు గది గుమ్మానికి చెరోపక్క నిలబడి, నావైపే చూస్తూ అడుగుతున్నారు.

"బాపు ఆఖరుకు ఏమన్నడు?"