గొల్లకావడి కింద పొగ

మా నాన్నను బోటు మీంచి దింపేశారని తెలిసిన రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. బందరు అవతల సముద్రం ఒడ్డున మా ఊరు. ఆ బోటుకి ఏళ్ళ తరబడి చుక్కాని పట్టింది ఆయనే. దింపేసిన కారణం విన్నాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన చూపు మీద అనుమానం వచ్చి, యజమాని ఒక సాయంత్రం ఆకాశంలోకి చెయ్యి చూపించి, గొల్లకావడి మూడు చుక్కల కింద ఏముందో చెప్పమన్నాడట. చిన్న చుక్కలు వరసగా వేలాడుతుంటాయనీ, వాటిలో నడిమిది చుక్క కాదు, పొగలా ఉంటుందనీ నాన్న చెప్పాడు. బోటు వాళ్ళంతా గొల్లున నవ్వారు. చుక్క పొగలా కనిపించేవాడి చేతికి చుక్కాని ఎలా ఇస్తామన్నారు.

నిజానికి తప్పు నవ్వినవాళ్ళదే. అది చుక్క కాదు, నెబ్యులా. అంటే వెలుగుతున్న వాయువుల మబ్బు. నేను విజయవాడలో మా డాబా మీంచి నా చిన్న టెలిస్కోపులో ఎన్నోసార్లు చూశాను. ఆ టెలిస్కోపుని మా ఆవిడ సవతి అనేది, అది వేరే సంగతి. నేను రోషంగా ఊరికెళ్ళి యజమానితో వాదించాను. ఆయన తాపీగా విని, "నోటి మాటలొద్దు బాబూ. ఫొటో ఉంటే పట్టుకురా, మీ నాన్నకి చుక్కాని మళ్ళీ ఇచ్చేస్తా," అన్నాడు. నలుగురిలో సరేనన్నాను. ఆకాశానికి ఫొటో తీయడం నాకు రాదన్న సంగతి తిరుగు బస్సెక్కాక గుర్తొచ్చింది.

అవి ఇంటర్నెట్ సెంటర్లలో వెబ్‌కెమెరాలు కొత్తగా వెలుస్తున్న రోజులు. నేనూ ఒకటి కొన్నాను. దాని ముందున్న అద్దం ఊడబీకి, ఫిల్మురీలు డబ్బా అడుగు కోసి దానికి అతికించి, టెలిస్కోపు గొట్టంలో దూర్చాను. డబ్బా కొలిచి చేసినట్టు సరిపోయింది. కంప్యూటరు మొత్తాన్ని విడివిడిగా డాబా మీదికి మోసి ఆన్ చేస్తే, తెర నిండా అమావాస్య. రెండు రోజులు తల పట్టుకున్నాక తెలిసింది, ఫోకస్ ఎక్కడో అల్లంత దూరంలో ఉందని. కొండ మీద గుడి దీపాలకి గురిపెట్టి మర తిప్పుతూ పోతే ఆ చిక్కు తీరింది. అదే ఊపులో శనిగ్రహం కూడా దొరికింది, ఉంగరంతో సహా. మా ఆవిడ చూసి, "బాగుందండీ, ఇంక కిందికి రండి," అంది.

నెబ్యులా మాత్రం చిక్కలేదు. దాని వెలుగు పలచన, కెమెరా చూస్తే రెప్పపాటు కూడా ఆగదు. వన్‌టౌన్‌లో టీవీలు బాగుచేసే ఒక భాయ్ దగ్గరికి పట్టుకెళితే, ఆయన లోపల రెండు తీగలు కలిపి అది కొన్ని సెకన్లపాటు కళ్ళు తెరిచి ఉండేలా చేశాడు. ఆ రాత్రి తెర మీద వందల చుక్కలు! ఎరుపు, నీలం, ఆకుపచ్చ. పొద్దున్నే పరుగెత్తుకెళ్ళి చెప్పాను. ఆయన బీడీ ఆర్పి, "గొట్టానికి మూతపెట్టి చూశారా సార్?" అన్నాడు.

మూత పెట్టి చూశాను. చుక్కలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"ఆకాశాన్ని మూసేసినా పోలేదంటే అవి మన బోర్డులోవి సార్. వేడెక్కిపోతోంది. చల్లగా పెట్టండి, పోతాయి," అన్నాడు భాయ్.

చల్లగా పెట్టడం చేపల వాళ్ళింట్లో పుట్టినవాడికి ఒకరు నేర్పాలా? మార్కెట్టు నుంచి ఐసు తెచ్చి, కరగకుండా ఊకలో కప్పి, ముక్కలు కొట్టి కెమెరా చుట్టూ కట్టాను. రంగు చుక్కలు నిజంగానే తగ్గాయి. కాకపోతే చేపల మార్కెట్టు ఐసు కదా, డాబా అంతా నీచు కంపు. "ఏవండీ, మీ నెబ్యులాని చూడ్డానికి నాలుగు పిల్లులొచ్చాయి," అని కేకేసింది మా ఆవిడ. పిల్లుల్ని తరిమి వచ్చేసరికి కెమెరా లోపల చెమ్మ పట్టి తెరంతా మసక. దానికి మందు కూడా ఆవిడే చెప్పింది. ఉప్పు డబ్బాలో బియ్యం వేసినట్టు, వేయించిన బియ్యం గుడ్డలో మూటకట్టి కెమెరా పక్కన పెట్టి, రెండింటినీ కలిపి ప్లాస్టిక్ కవర్లో బిగించమంది.

మర్నాడు రాత్రి భోజనాల వేళకి పడింది బొమ్మ. బూడిదరంగు పొగ, దాని మధ్య మిణుకుమంటూ చుక్కలు. నేను డాబా మీద గంతులేశాను. ప్రింటు వేసే ల్యాబులో ఆయన పాడైపోయిందనుకుని పక్కన పడేయబోతే లాక్కున్నాను.

ఊళ్ళో యజమాని ఆ ఫొటోని అటూ ఇటూ తిప్పి చూశాడు. నవ్విన వాళ్ళందరికీ చూపించాడు. నాన్న వైపు తిరిగి, "నీ మాటే నిజమయ్యా. శుక్రవారం నుంచి చుక్కాని నువ్వే పట్టు," అన్నాడు. నేను మీసం మెలేశాను. నాన్న మాత్రం ఫొటో వంక చూడకుండానే గుమ్మం దిగాడు.

ఇంటికి వస్తుంటే ఇసకలో ఆయన నా భుజం పట్టుకుని నడిచాడు. అలా ఎప్పుడూ పట్టుకోలేదు.

"ఒరేయ్, అది పొగలా ఉంటదని మా నాన్న నా చిన్నప్పుడు చూపించాడు. అదే చెప్పా. ఇప్పుడు నాకు కావడే కనపడ్డం లేదురా."

"మరి ముందే చెప్పొచ్చుగా నాన్నా?"

"నాకోసం ఐసులో చేతులు పెట్టుకుని తంటాలు పడుతున్నానని నువ్వు ఫోన్లో చెబుతుంటే ఏమని చెప్పను?"

నాకు ఏడుపొచ్చింది. ఆయన అప్పటికే వెనక్కి తిరిగాడు. మళ్ళీ యజమాని ఇంటికెళ్ళి, గుమ్మంలో నిలబడి, "నేను చూసి చెప్పలేదండీ, గుర్తుండి చెప్పా. బోట్లో ఏడుగురుంటారు. చుక్కాని ఇంకెవరికన్నా ఇచ్చెయ్యండి," అన్నాడు. ఆ మాటకి ఎవరూ నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన్ని బస్సెక్కించి విజయవాడలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకొచ్చాను. కెమెరాకి పట్టిన మసక వదిలించడానికి నెల రోజులు ఊరంతా తిరిగినవాణ్ణి, ఈ పని ముందు చెయ్యాలని తట్టనందుకు దారి పొడుగునా సిగ్గుపడుతూనే ఉన్నాను.